వినేవాళ్ళను విడదీస్తే

ఇంకా మాట్లాడుతూనే ఉంది. తలుపులు మూసినప్పుడు మొదలుపెట్టింది. విమానం లేచింది, భోజనం ట్రేలు వచ్చాయి, పోయాయి, దీపాలు ఆర్పారు, దుప్పట్లు కప్పుకునేవాళ్ళు కప్పుకున్నారు, కట్టుడు పళ్ళు తీసి డబ్బాలో పెట్టుకునేవాళ్ళు పెట్టుకున్నారు, నా వెనక సీటావిడ నోరు మాత్రం మూతపడలేదు. వంటింటి కుళాయి కారుతోందట, ప్లంబరు వస్తానని రాలేదట, వచ్చినా వాడు వాషరు మార్చకుండా దారం చుట్టి పోతాడట, పోయినసారి అలాగే చేశాడట, వాడికన్నా వాడి తమ్ముడే నయమట. పక్కనున్న మొగుడు ఊ అంటాడు. గ్యాస్ కట్టేశానా లేదా? ఊ. ఊ అంటే కట్టేసినట్టా, కట్టనట్టా? కట్టావులే. మీరు చూశారా? ఊ. నా పక్కన కిటికీ వైపు ఒక లావుపాటాయన ఎక్కీ ఎక్కగానే గురకలో పడ్డాడు, ఆయన మోచెయ్యి నా పొట్టలోకి వచ్చింది, మూడుసార్లు తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. గురకను నేను భరించగలను. గురకకు అర్థం ఉండదు. మాటకు ఉంటుంది, అదే దానితో వచ్చిన తంటా, వద్దనుకున్నా చెవి వెళ్ళి దాని వెంట పడుతుంది, ఊరూ పేరూ తెలియని ప్లంబరు మీద నాకు కోపం వస్తుంది. చెవుల్లో దూది పెట్టుకున్నాను. దుప్పటి నెత్తి మీదుగా కప్పుకున్నాను. నా ఊపిరి నా మొహానికే వేడిగా కొట్టింది తప్ప ఆవిడ గొంతు ఇసుమంత తగ్గలేదు. నాకు నిద్ర కావాలి. ఐదు గంటలు, పోనీ నాలుగు. పొద్దున ఐదు నలభైకి దిగాలి, ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, ఎనిమిదింటికి మా చెల్లెల్ని ఆపరేషన్‌కి సిద్ధం చేయడానికి తీసుకుపోతారు, తొమ్మిదింటికి దాని గొంతు తీసేస్తారు.

గొంతు తీసేయడమంటే మాటవరసకు అన్నది కాదు. మాట పుట్టే చోట గడ్డ లేచింది, ఆ చోటంతా కోసి తీసేసి, మెడ దగ్గర రంధ్రం పెడతారట, ఇకనుంచి ఊపిరి అక్కణ్ణుంచేనట. బతుకుతుంది. మాట్లాడదు. పదకొండేళ్ళుగా నాతో మాట్లాడనిది ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడదు కదా అనుకుంటే నాకు కాస్త నవ్వొచ్చింది, ఛీ, నేనేం మనిషిని అని కూడా అనిపించింది, రెండూ ఒక్కసారే. నిన్న ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. అక్కా, ఎల్లుండి తొమ్మిదికి ఆపరేషన్, దానికి ముందు ఒక్కసారి నీతో మాట్లాడాలి, ఫోన్‌లో వద్దు, నీ మొహం చూస్తూ చెప్పాలి, అని. ఏం చెబుతుంది? తిడుతుంది. తిట్టనీ. తిట్టించుకోవడానికే టికెట్టు కొనుక్కుని మరీ పోతున్నాను. ఒక గంట. ఆ గంటసేపు కళ్ళు మూతలు పడకుండా, నోరు మెదపకుండా దాని ఎదురుగా కూర్చోవాలి. అది నడక రాకముందే మాట్లాడింది. గోడతో మాట్లాడేది, చెప్పుల జతతో మాట్లాడేది, ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటే దుప్పట్లో నా చెవిలో మాట్లాడేది. దాని నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టేదాన్ని. అరచేతిని నాకేది దొంగముండ. చెయ్యి తీసేదాన్ని, మళ్ళీ మొదలు. ఆ గొంతును రేపు ఏ పళ్ళెంలో వేస్తారో, ఏ బకెట్టులో పారేస్తారో. ఇదంతా తలుచుకుని ఏడుద్దామన్నా వెనకనుంచి ప్లంబరు తమ్ముడు వచ్చి కూర్చుంటున్నాడు.

ఎయిర్‌హోస్టెస్ పిల్లను పిలిచి చెప్పొచ్చు. ఆ పిల్ల వచ్చి నవ్వుమొహం పెట్టి కొంచెం నెమ్మదిగా మేడం అంటుంది, ఆవిడ సారీ అంటుంది, రెండు నిమిషాలు గుసగుసలాడుతుంది, మూడో నిమిషానికి ఆ గుసగుసకే కాళ్ళు మొలుస్తాయి. నాకు తెలియనిదా. ఇరవై ఆరేళ్ళుగా ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని, నూట నలభై మంచాలు, నోరు మూయించడమే నా ఉద్యోగం, దానికే నాకు జీతం. కొత్తగా చేరిన వార్డెన్లు మాట్లాడే పిల్లను తిడతారు, అది వాళ్ళు చేసే పొరపాటు. మాట్లాడేవాళ్ళకు తిట్లు తగలవు, నోరున్నవాళ్ళకు నోటితోనే జవాబు ఉంటుంది. నేను వినే పిల్ల దగ్గరికి వెళ్తాను. పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, జాలిగా అడుగుతాను. ఏమ్మా, నీకు నిజంగా వినాలని ఉందా, లేక దీంతో మొహమాటానికి వింటున్నావా? అంతే. ఆ పిల్ల ఏం చెప్పినా పర్వాలేదు, చెప్పకపోయినా పర్వాలేదు. ఆ ఒక్క క్షణం తటపటాయింపు చాలు. మాట్లాడే పిల్ల దాన్ని కళ్ళారా చూస్తుంది. ఆ తర్వాత నెల రోజులు ఆ మంచం మీదనుంచి చప్పుడుండదు. మాట బతికేది నాలుక మీద కాదు, ఎదుటివాళ్ళ చెవి మీద. వినేవాళ్ళను విడదీస్తే మాట్లాడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చస్తారు. ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు, నేనే కనిపెట్టాను, నా కింద పనిచేసిన నలుగురికి నేర్పాను కూడా.

బెల్టు తీసి, సీటు మీద మోకాళ్ళతో నిలబడి వెనక్కి తిరిగాను. ఆవిడ యాభై ఐదేళ్ళ మనిషి, గుండ్రటి మొహం, స్వెట్టరు గుండీలు మెడ దాకా పెట్టుకుంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. "మీకూ నిద్ర పట్టడం లేదాండీ?" అంది. మాటకు ఇంకో చెవి దొరికిందనుకుంది పాపం. నేను ఆవిడ వంక చూడలేదు. మొగుడి వంక చూశాను. "సార్, పెళ్ళయి ఎన్నేళ్ళయింది?" అన్నాను, చాలా నెమ్మదిగా, మర్యాదగా. "ముప్పై రెండండీ." "ముప్పై రెండేళ్ళూ ఇలాగేనా?" ఆయన ముందు తెల్లబోయాడు. తర్వాత పెదవి కొస కదిలింది. ఎన్నాళ్ళకో సొంతమనిషి కనబడినట్టు నా వంక చూశాడు. "ఏం చేస్తామండీ, అలవాటైపోయింది," అని నవ్వాడు. "మధ్యలో ఎప్పుడైనా ఆపమని అడిగారా?" "అడిగితే మాత్రం ఆగే బండేనా అండీ ఇది?" గట్టిగానే నవ్వాడు, పక్క వరుసలో ఎవరో కూడా నవ్వారు. "పాపం," అన్నాను నేను. ఆ ఒక్క మాట ఆయనకే అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, ఆయన్నే చూస్తోంది. "నాకు విమానమంటే భయమండీ, మాట్లాడుతూ ఉంటే తెలియకుండా..." అంది, ఎవరితో అంటోందో ఆవిడకే తెలియనట్టు, మధ్యలో ఆపేసింది. నేను తలూపి, తిరిగి కూర్చుని, బెల్టు పెట్టుకున్నాను. మొత్తం కలిపి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆహా. నిశ్శబ్దం. చెవుల్లోంచి దూది తీసి పారేశాను. ఇంజన్ హోరు తప్ప ఇంకేం లేదు, పది నిమిషాల్లో వెనకనుంచి మొగుడి గురక కూడా లేచింది, ముప్పై రెండేళ్ళ బాకీ నిద్ర అది, పడుకోనీ. నా చేతి పనితనానికి నాకే ముచ్చటేసింది. ఇక నిద్రపోవాలి, కళ్ళు మూసుకున్నాను, రాలేదు. మూసుకున్న కళ్ళలోకి చెల్లెలి ఇంటి భోజనాల బల్ల వచ్చింది. రాదా మరి. పదకొండేళ్ళ కిందటిది, తొమ్మిది మందిమి కూర్చున్నాం, అది వడ్డిస్తూ, తను ఎక్కిన బస్సు దారి తప్పిన కథ చెబుతోంది, డ్రైవరు గొంతు ఒకటి, కండక్టరు గొంతు ఒకటి, వెనక సీట్లో ముసలాయన గొంతు ఒకటి, అన్ని గొంతులూ తనే పెడుతోంది, ఇరవై నిమిషాలైంది. నేను హాస్టల్లో మూడు రాత్రులు కాపలా కాసి వచ్చాను, తల పగిలిపోతోంది. మా మరిది వంక చూసి అడిగాను. "ఏమయ్యా మరిదీ, రోజూ ఇంతేనా? చెవులకేమైనా మందు వాడుతున్నావా?" ఎంత నవ్వాడో, తాగుతున్న నీళ్ళు ముక్కులోకి పోయాయి. నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెప్పాడు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ అరగంట కింద కారులోనే కూర్చుంటాడట, రేడియో కూడా పెట్టడట, ఆ అరగంట లేకపోతే పిచ్చెక్కేదట. "మీ ఒక్కరికే అర్థమైంది వదినా," అన్నాడు. బల్ల బల్లంతా నవ్వింది. అది కూడా నవ్వింది. నవ్వి, గరిటె తీసుకుని, ఎవరికి ఏం కావాలో అడుగుతూ వెళ్ళిపోయింది. ఆ బస్సు చివరికి ఎటు పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

తెలుసు నాకు, అప్పుడే తెలుసు, దాని మొహంలో ఏదో పుటుక్కున తెగడం చూశాను, నూట నలభై మంచాల దగ్గర చూసిన మొహమే అది. వెళ్ళి చెయ్యి పట్టుకుని ఉండొచ్చు. పట్టుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి వాళ్ళింట్లో హాయిగా పడుకున్నాను. తర్వాత ఫోన్లు తగ్గాయి, ఆగాయి. నాలుగేళ్ళకు మా పిన్ని కూతురు చెప్పింది, ఇద్దరూ విడిపోయారట అక్కా, ఒకే ఇంట్లో ఉండి మాటల్లేవట, అది నోరు విప్పడమే మానేసిందట, అతనికే భయమేసి వెళ్ళిపోయాడట అని. "మంచిదేగా, ప్రశాంతం," అన్నాను నేను. పిన్ని కూతురు ఫోన్ పెట్టేసింది. గడ్డ లేచేది ఎందుకో డాక్టర్లకే సరిగ్గా తెలియదు, వాడని గొంతుకు వస్తుందని ఎవరూ అనరు, అదంతా నా తలలో పుట్టే పైత్యం. అయినా వాడకుండా ఉన్న గదిలోనే కదా సాలెగూళ్ళు పట్టేది. ఛ, నోర్ముయ్, నిద్రపో.

టక్. నా సీటు వీపు మీద. టక్, టక్. వేలి కణుపుతో కొట్టినట్టుంది. ఓహో, మొదలుపెట్టిందా అనుకున్నాను. నోరు మూయించిన పిల్లలు చేసేదే ఇది, చీకట్లో మంచం కోడు మీద గోటితో కొడతారు, మాకింకా ప్రాణం ఉందిలే అని చెప్పడానికి. దానికి మందు పట్టించుకోకపోవడమే, తిరిగి చూశామా, గెలిచారన్నమాట. నేను తిరగలేదు. టక్, కొంచెం ఆగి టక్. చివరిది కొట్టినట్టు కూడా లేదు, రాసినట్టుంది. కొట్టుకో తల్లీ, ఎంతసేపు కొట్టుకుంటావో అనుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, నవ్వుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. అప్పుడు పట్టింది నిద్ర.

దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఎయిర్‌హోస్టెస్ పిల్లలు ముగ్గురు పరిగెత్తుతున్నారు, ఒకతె చేతిలో ఆక్సిజన్ సిలిండరు. వెనక సీటావిడను నడవలో పడుకోబెట్టారు, స్వెట్టరు గుండీలు తెంపేశారు, మొహం మైనం రంగుకు తిరిగింది. నీళ్ళు అడుగుదామని అటువైపు వెళ్ళిన ఎవరో చూశారట. మొగుడు సీట్ల మధ్య నిలబడి, కళ్ళజోడు చేత్తో పట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు. "చెప్పలేదండీ. నొప్పని ఒక్క ముక్క చెప్పలేదు. అన్నీ చెబుతుందండీ ఈవిడ, ఏదీ దాచదు, తుమ్మొస్తే కూడా చెబుతుంది. నేను నిద్రపోయానండీ." అదే మాట మళ్ళీ, మళ్ళీ. ఎయిర్‌హోస్టెస్ పిల్ల నా దగ్గరికి వంగింది. "మేడం, మీరు ముందు సీట్లోనే ఉన్నారు కదా, ఆవిడ పిలవడం గానీ, మూలగడం గానీ మీకేమైనా వినిపించిందా?" ఆక్సిజన్ మాస్కు పైనుంచి వెనక సీటావిడ కళ్ళు నావైపు తిరిగి ఉన్నాయి, చూస్తున్నాయో లేదో తెలియదు. "లేదమ్మా, నిద్రలో ఉన్నాను," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. గుండెపోటులా ఉంది, దగ్గర్లో ఉన్న ఊళ్ళో దించుతున్నాం, దయచేసి సహకరించండి అని పైలట్ చెప్పాడు. గాభరా పడ్డాను నేను. ఆవిడ కోసం కాదు. గడియారం చూసుకున్నాను, మూడూ నలభై.

దిగాం. చీకట్లో మెట్ల బండి వచ్చింది, అంబులెన్స్ వచ్చింది, ఆవిడ వెళ్ళింది, ఆయన వెళ్ళాడు, కళ్ళజోడు సీట్లోనే వదిలేసి. ప్రాణం ఉందన్నారు. గంటలో బయల్దేరతామని పైలట్ చెప్పాడు. వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాను, ఐదుకు లేస్తే ఆరున్నరకు దిగొచ్చు, ఏడున్నరకు ఆసుపత్రి, అరగంట మిగులుతుంది, చాలు. ఆలస్యమైంది, వస్తున్నాను అని మెసేజ్ పెట్టాను. ఎదురుచూస్తుంటా అని వచ్చింది. దిగిపోయినవాళ్ళ పెట్టెలు విమానంలో ఉండకూడదట, అది వాళ్ళ నియమం, కింద సామాను మొత్తం దించి ఆ రెండు పెట్టెలూ వెతుకుతున్నారు. ఒకటి దొరికింది. రెండోది దొరకలేదు. తెల్లారింది, కిటికీలోంచి చూస్తే పెట్టెలు వరసగా నేల మీద పరిచి ఇద్దరు మనుషులు టార్చిలైటుతో తిరుగుతున్నారు, వెలుతురొచ్చినా టార్చి ఆర్పడం మరిచిపోయారు. ఆరైంది. ఆరున్నర అయింది. ఫోన్ చేయొచ్చు, చేయలేదు. మొహం చూస్తూ చెప్పాలంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి భయం, నాకు దాని గొంతంటే భయమేసింది. ఏడూ పదికి, సిబ్బంది పనిగంటలు అయిపోయాయి, వేరేవాళ్ళు రావాలి, ఇంకో మూడు గంటలు పడుతుందని చెప్పారు. అంతే, విమానమంతా గుప్పుమంది. ప్రతివాడూ ఫోన్ తీశాడు. పెళ్ళాలకు, డ్రైవర్లకు, ఆఫీసులకు, పిల్లల బళ్ళకు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. గురకాయన ఇప్పుడు పూర్తిగా మేలుకుని ఉన్నాడు, నా చెవి పక్కనే.

అప్పుడు మోగింది నా ఫోన్. "అక్కా." గొంతు కాదది, గాలి, లోపల ఏదో గరుకుగా రాసుకుంటున్న గాలి. పదకొండేళ్ళ తర్వాత ఆ ఒక్క మాట విన్నాను. "ముందే వచ్చేశారక్కా వీళ్ళు. స్ట్రెచర్ గుమ్మంలో ఉంది. ఐదు నిమిషాలు ఇమ్మన్నాను." "చెప్పవే," అన్నాను. "నువ్వు మధ్యలో ఏమీ అనకు." "అనను. ఒట్టు." "ఆ రోజు భోజనాల దగ్గర నువ్వు..." "నల్ల సూట్‌కేసు కాదురా, నీలంది! నీలంది!" గురకాయన. రెండో చెవి వేలితో మూసుకున్నాను. "...తర్వాత చాలా రోజులు నాకు..." వెనక ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. "...కానీ అక్కా, నేను నిన్ను..." "చెవుడా నీకు? నీలం అన్నాను, నీలం!" నిన్ను ఏమంది? నిన్ను క్షమించానందా, నిన్ను చచ్చేదాకా మరిచిపోనందా, పెదవులు కదులుతున్న చప్పుడు వస్తోంది, మాట రావడం లేదు, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను, ఫోన్‌ను చెవిలోకి గుచ్చుకున్నాను, గట్టిగా చెప్పవే అందామనుకున్నాను, దానికి గట్టి గొంతు లేదు, మధ్యలో ఏమీ అననని ఒట్టు కూడా పెట్టాను, అది చెబుతూనే ఉంది, ఒక్కో మాటకూ ఆయాసపడుతూ చెబుతూనే ఉంది, ఇంతకుముందు ఎన్నడూ వినాలనుకోనంతగా నేను వింటున్నాను, ఒక్క ముక్క, దేవుడా, ఒక్క ముక్క వినబడనీ, "డిక్కీలో పెట్టరా, వెనక డిక్కీలో, నీకు బుర్ర ఉందా అసలు," నా లోపల ఏదో తెగింది, తలెత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"నోరు మూసుకో!"

మూసుకున్నారు. గురకాయన నోరు తెరుచుకున్నట్టే ఆగిపోయింది. ముందు వరుసలు, వెనక వరుసలు, ఏడుస్తున్న పిల్లవాడు, అందరూ. ఫోన్‌లో కూడా.

"సరే అక్కా," అంది చెల్లెలు. కోపంగా కూడా అనలేదు.

"నిన్ను కాదే! నిన్ను కాదు, ఇక్కడ పక్కన ఒకడు, నువ్వు చెప్పు, వింటున్నాను, చెప్పవే, ఏమే!" ఫోన్ పెట్టేయలేదు అది, మంచం మీద పెట్టేసినట్టుంది. ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి. దుప్పటి తీసిన చప్పుడు, స్ట్రెచర్ చక్రాలు గడప దాటిన చప్పుడు, ఎవరివో రబ్బరు చెప్పులు, దూరంగా లిఫ్టు తలుపులు. చాలాసేపటికి ఒక నర్సు ఫోన్ తీసింది. "హలో, ఎవరండీ? ఆవిణ్ణి తీసుకెళ్ళిపోయారండీ. మత్తు ఇచ్చే ముందు ఒకసారి లోపలికి వెళ్తాను, ఏమైనా చెప్పమంటారా?" విమానం నిండా అంతమంది ఊపిరి బిగబట్టి నా వంకే చూస్తున్నారు. నా అరచెయ్యి నా నోటికే అడ్డం పెట్టుకున్నాను.